మినిట్స్ పుస్తకంలో మా గెడ్డ

టీటీసీ చదవడానికి భీమిలి వెళ్లిన కొత్తలో ఒక సాయంత్రం గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుకి వెళ్లాను. మా అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలు దాటి, తాటిపూడి రిజర్వాయరు మీదుగా అక్కడికి వచ్చే నీరు. అందులో మా ఊరి గెడ్డ నీరు కూడా ఉంటుంది కదా అని దోసిలితో తీసి నోట్లో పోసుకున్నాను. ఉప్పు. నా వెంట వచ్చిన కిందిదేశం స్నేహితులు పడీపడీ నవ్వారు.

మేం దాన్ని పెద్దగెడ్డ అంటాం గానీ పెద్దదేమీ కాదు. మెట్లుమెట్లుగా ఉన్న మా వరిమడులకి అదే ఆధారం. నా చిన్నప్పుడు నాట్లకి ముందు ఇంటికొకరు వెళ్లి, గెడ్డకి అడ్డంగా రాళ్లు పేర్చి, సందుల్లో వెదురు తడికలూ మట్టిపెళ్లలూ కూరి నీటిని కాలవలోకి మళ్లించేవాళ్లు. వరదకి కొంత పోయేది. మళ్లీ ఏడు మళ్లీ కట్టేవాళ్లు. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఎగువ కొండ బోడైంది. మాఘమాసానికే ఊట ఎండిపోయేది. తప్పంతా పైనుంచి వచ్చినవాళ్లదే అనను. కలప కొన్నది వాళ్లు, నరికింది మేమే.

అప్పుడు గెడ్డ బాగుచేతకి ఒక పథకం వచ్చింది. ఏజెన్సీలో గ్రామసభ ఒప్పుకున్నాకే అలాంటి పని మొదలుపెట్టాలని 1996 పీసా చట్టం చెబుతుంది. ఊళ్లో చదువుకున్నవాణ్ణి కనక పుస్తకం నా చేతికిచ్చారు. “నెలాఖరులోగా తీర్మానం పంపకపోతే పని పోతుంది మాస్టారూ” అన్నారు. చోళ్ల కోతలు, జనం కొండమీద ఉన్నారు. “ఊరంతా హాజరై ఏకగ్రీవంగా ఆమోదించారు” అని నేనే రాసి, ఇంటింటికీ స్టాంపుప్యాడ్ పట్టుకెళ్లాను. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను.

మా మావ వేలిముద్ర వేస్తూ “ఎక్కడ కడతారట?” అన్నాడు.

“ఇంజినీరు చూసుకుంటాడు మావా.”

సిమెంటు లారీ ఎక్కడిదాకా రాగలదో అక్కడ కట్టారు, సరిగ్గా గెడ్డ మలుపులో. రెండో వానాకాలానికి ఇసుక మేటేసి చెక్ డ్యామ్ పూడిపోయింది. వరద పక్కనుంచి గట్టు కోసుకుని మావ రెండు మడుల్ని పట్టుకుపోయింది. ఆయన నన్ను ఒక్క మాట తిట్టలేదు. “పుస్తకంలో నా వేలే ఉంది కదా అల్లుడూ, ఎవర్ని అడగను?” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మరుసటేడు ఇటుకల పండగ అయ్యాక చింతచెట్టు కింద నిజంగానే కూర్చున్నాం, మూడు సాయంత్రాలు. నీరు చివరిదాకా ఎక్కడ నిలుస్తుందో చెప్పింది కుండలు మోసే ఆడవాళ్లే. ముందు పైనున్న వాగుచీలికల్లో చిన్న రాతికట్టలు వెయ్యాలని, ఊట చుట్టూ గొడ్డలి పెట్టకూడదని, పశువుల్ని తోలకూడదని అనుకున్నాం. పల్లం భూమి లేనివాళ్లు “మీ మడులకి మేమెందుకు రాళ్లు మొయ్యాలి?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కోతలయ్యాక మడులున్నవాళ్లు వాళ్లకి ధాన్యం కొలవాలని ఒప్పందమైంది. ఇద్దరు ఇప్పటికీ కొలవలేదు, ఆ తగువు నడుస్తూనే ఉంది. కింది పనికి ఉపాధి హామీ కూలి వచ్చింది. పై కట్టలు కొలతలకి అందవన్నారు, వాటిని ఊరికే కట్టుకున్నాం.

మా బడి పిల్లలు ప్రతి సోమవారం కర్ర ముంచి నీటి లోతు చూసి గోడమీద గీత పెడుతున్నారు. నిరుడు ఊట ఫాల్గుణం దాకా పారింది. మావ మడులు మాత్రం ఇంకా రాళ్లకుప్పే.

మొన్న పాత కట్టు తిరిగి కట్టడానికి తీర్మానం రాశాం. రెండుసార్లు పైకి చదివాను. మావ వేలికి సిరా రాసుకుని ఆగాడు.

“చోటు రాశావా?”

“రాశాను మావా. ఏరుమద్ది చెట్టు దిగువన, పాత రాతికట్టు ఉన్నచోటే.”

“ఇంకోసారి చదువు” అన్నాడు.