ఆగమం, ఆదేశం, అంకయంత్రం

వ్యాకరణం చదువుకున్నవారికి ఆగమం, ఆదేశం అనే మాటలు కొత్తవి కావు. మేము తెలుగు పండిత శిక్షణలో ఉన్న రోజుల్లో గురువుగారు వీటి భేదాన్ని ఒక్క ముక్కలో తేల్చేవారు: ఆగమం మిత్రుని వంటిది, ఆదేశం శత్రువు వంటిది. మిత్రుడు వస్తే ఉన్నవారిని లేపకుండా పక్కన సర్దుకొని కూర్చుంటాడు. మా, అమ్మ కలిసి మాయమ్మ అయినప్పుడు యకారం వచ్చిన తీరు అది. శత్రువు వస్తే ఉన్నవాణ్ణి వెళ్లగొట్టి ఆ పీట మీద తాను కూర్చుంటాడు. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులైనప్పుడు తకారాన్ని తరిమి దకారం వచ్చిన తీరు ఇది. ముప్పై ఏళ్లకు పైగా ఈ పాఠం పిల్లలకు చెప్పాను. పదవీ విరమణ తరువాత ఒక పాత లాప్‌టాపు అడుగు మూత తెరచినప్పుడు అదే పాఠం మళ్లీ ఎదురయింది.

లాప్‌టాపుకు తెలుగు మాట ఏమిటని మన జాలమిత్రులు ఎప్పటినుండో తర్కించుకుంటూనే ఉన్నారు. నా వంతుగా నేను ‘అంకయంత్రం’ అని పెట్టుకున్నాను. అంకమంటే ఒడి, అంకె కూడా. ఒడిలో కూర్చుని అంకెలతో పనిచేసే వస్తువుకు ఇంతకంటె ఒప్పే పేరు నాకు తోచలేదు. మా ఇంటావిడకు మాత్రం అది ఈనాటికీ ‘మీ డబ్బ’యే.

2018లో ఉద్యోగ విరమణ చేసేనాటికి నా దగ్గర మూడు ట్రంకుపెట్టెల నిండా చీటీలున్నాయి. ఉమ్మడి ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాల బడులలో పనిచేసిన కాలమంతా పల్లెల్లో చెవిన పడ్డ మాటలవి. సేద్యం మాటలు, మగ్గం మాటలు, వంటింటి మాటలు, చుట్టరికాలు, చెట్టుచేమల పేర్లు. కొన్నిటిని చెదలు అప్పటికే రుచి చూశాయి. మిగిలినవైనా యంత్రానికెక్కించి అకారాది క్రమంలో పెట్టాలని సంకల్పం. 2019 వేసవిలో సికింద్రాబాదు వెళ్లి, చెనాయ్ ట్రేడ్ సెంటరులో 18,000 రూపాయలకు ఒక పాత థింక్‌ప్యాడ్ కొన్నాను. టీ 440పీ అనే నమూనా, 2013 నాటిది. ఎవరో కార్యాలయంలో వాడి వదిలినది. పింఛనుదారుని పరుగు అంతవరకే.

థింక్‌ప్యాడ్ వంశం 1992లో ఐబీఎం వారింట పుట్టింది. రిచర్డ్ సాపర్ అనే శిల్పి జపానువారి నల్లని అన్నపుపెట్టె, అదే బెంతో, మనసులో పెట్టుకొని దానికి రూపం దిద్దాడు. 2005లో ఆ వంశం లెనోవో వారి చేతికి వచ్చింది. పైనుండి చూస్తే పెట్టె మూసిన నల్లపలక. దాని గుణం అడుగున ఉంది. బ్యాటరీ ఊడదీసి, రెండంటే రెండు మరలు వదులు చేసి, అడుగు మూతను జరిపితే చాలు. జ్ఞాపకశక్తి బిళ్లల గూళ్లు రెండు, డిస్కు, పంఖా అన్నీ ఎదురుగా కనిపిస్తాయి. ప్రాసెసరు సైతం అతికించినది కాదు, గూటిలో అమర్చినది. ఏ మర ఎక్కడిదో, ఏది ముందు విప్పాలో చెప్పే మరమ్మతు గ్రంథం తయారీదారులే జాలంలో ఉచితంగా పెట్టారు. సమాసానికి విగ్రహవాక్యం చెప్పి, పదాలను విడదీసి, మళ్లీ కూర్చడం నేర్చినవాడికి ఇది పరాయి విద్య కాదనిపించింది.

మొదట జరిగింది ఆదేశం. దానిలో ఉన్నది పళ్లెం తిరిగే డిస్కు. మీట నొక్కి వంటింటిలోకి వెళ్లి చాయ్ తాగివస్తే గాని తెర సిద్ధమయ్యేది కాదు. పళ్లెం తిరగాలి, ముల్లు కదలాలి, కావలసిన చోటు వెతకాలి. దాన్ని తీసి, కదిలే భాగమన్నదే లేని ఘనస్థితి డిస్కును అదే చోట పెట్టించాను. ఈ శత్రువు వచ్చిన నాటినుండి నా చాయ్ చల్లారిపోయే వేళ లేకుండా పోయింది. తరువాత ఆగమం. రెండు గూళ్లలో ఒకటి ఖాళీగా ఉండేది. ఉన్న 4 జీబీ బిళ్లను కదపకుండా పక్కన మరో 4 జీబీ చేర్చాం. అచ్చంగా యడాగమమే.

వ్యాకరణంలో లోపమనేది కూడా ఉంది. పుస్తకము పక్కన ‘లు’ చేరితే ‘ము’ లోపించి, దాని ముందరి అచ్చు దీర్ఘమై పుస్తకాలు అవుతుంది. ఒకటి పోతే మరొకటి చాచుకుంటుందన్నమాట. నా యంత్రంలో డీవీడీ గూడు ఊరకే ఉండేది. దాన్ని తీసేయించి, ఆ చోట ఒక చట్రం పెట్టి, పాత డిస్కును అందులో కూర్చోబెట్టాం. రోజూ సాయంత్రం నా దస్త్రాలకు రెండో ప్రతి దానిమీద పడుతుంది. మూడో ప్రతి విడిగా, ఇంటిబయట ఉంటుంది.

ఈ ప్రతుల గొడవ ఎందుకంటారా? మా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం ఉంది. పదవ శతాబ్దిది. దానిలోని మూడు తెలుగు కందపద్యాలు వెయ్యేళ్ల ఎండవానలకు నిలిచాయి, ఎందుకంటే అవి రాతిమీద ఉన్నాయి. మన కావ్యాలలో అత్యధికం రాతిమీద నిలిచినవి కావు. తాటాకు శిథిలం కాకముందే ఎవరో పుణ్యాత్ముడు మరో ఆకుకు ఎక్కించాడు, ఆ ఆకునుండి మరొకడు. ఆకులు మారుతూ వచ్చాయి కనుకనే మాట మిగిలింది. డిస్కు శిల కాదు, తాటాకే. ఇంకా చెప్పాలంటే తాటాకు ఆయుష్షు కూడా దానికి లేదు. అందుచేత, మార్చుకోవడానికి వీలివ్వని యంత్రంలో మాటలు దాచడం నాకు భయం.

2022లో నా కంటి శుక్లం తీసి కొత్త కటకం అమర్చారు. నా దేహంలో జరిగిన తొలి ఆదేశం అదే. చూపు తేటపడ్డాక తెరవైపు దృష్టి పోయింది. అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. ఇంగ్లీషు చదువరికి అది సరిపోతుందేమో గాని, తెలుగు అక్షరం తలకట్టుతో పైకీ, ఒత్తులతో కిందికీ పెరిగే చెట్టు. చిన్న అక్షరాలలో థకారానికీ ధకారానికీ తేడా తెలియక, క్ష్మకారం కిందిది మకారమో యకారమో పోల్చుకోలేక ముఖం తెరకు ఆనించవలసి వచ్చేది. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న తెర విడిగా దొరికింది. ఆర్టీసీ కార్గోలో హైదరాబాదు నుండి వచ్చింది. అమర్చిన నాడు నా పదకోశంలోని ఒత్తులన్నీ కడిగిన ముత్యాల్లా కనిపించాయి.

ఇవన్నీ నా స్వహస్తాలతో చేశానని అనుకోవద్దు. కరీంనగరు టవర్ సర్కిల్ దగ్గర మరమ్మతు దుకాణం పెట్టుకున్న పూర్వ విద్యార్థి చేతి చలవ ఇది. మా అబ్బాయి కొత్తది కొనిస్తానని పట్టుబట్టినప్పుడు ఇతణ్ణి అడిగాను. “సార్, పెట్టె మంచిగున్నది. గిసొంటిది ఇప్పుడు దొరుకుడు కష్టం. లోపలి సామాను మార్చుకుంట పోతె ఇంకో ఐదేండ్లు నడుస్తది” అన్నాడు. ఆనాడు సంధి సూత్రాలు అడిగితే కిటికీలోంచి బయటికి చూసిన పిల్లవాడు, ఈనాడు ఏ ముక్క ఏ ముక్కతో కలుస్తుందో, ఏది కలవదో నాకు పాఠం చెబుతున్నాడు. ఇంతకంటె గురుదక్షిణ ఏముంటుంది?

అతని దుకాణంలో కొత్త లాప్‌టాపులూ చూశాను. సన్ననివి, తేలికైనవి. నా యంత్రం బరువు రెండు కిలోల పైమాటే, సంచీ మోసిన సాయంత్రం భుజం గుర్తుచేస్తుంది. కాని ఆ సన్ననివాటిలో చాలావాటికి జ్ఞాపకశక్తి బిళ్లలు పలకకే టంకంతో అతికి ఉంటాయి. అవి నిత్యసమాసాలు, విగ్రహవాక్యం చెప్పడానికి వీలులేదు. అందుకు కారణం లేకపోలేదు. దగ్గరగా అతికిస్తే దారి పొట్టిదై విద్యుత్తు తక్కువ పడుతుంది, మందమూ తగ్గుతుంది. కాని కొన్ననాడు ఎంత ఉందో చివరిదాకా అంతే. ఈ ధోరణికి ఎదురీదేవారూ లేకపోలేదు. అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అనే సంస్థ 2021లో ఒక లాప్‌టాపు తెచ్చింది. దానిలో తెర, కీబోర్డు, బ్యాటరీ, చివరికి తల్లిపలకను సైతం కొనుక్కున్నవారే మార్చుకోవచ్చు. పక్కనుండే తీగల రంధ్రాలు కూడా బిళ్లల రూపంలో ఊడి వస్తాయి. మన దేశంలోనూ మరమ్మతు హక్కు కోసం 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక జాలస్థలం తెరిచింది. దీనికి ‘హక్కు’ అనే పేరు పెట్టవలసి రావడమే ఆలోచించవలసిన సంగతి. మా తాతల కాలంలో నాగలి కర్రు అరిగితే కమ్మరి కొలిమికి పోయేవారు. ఆ హక్కు ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు.

2025లో నా అంకయంత్రానికి అసలు పరీక్ష వచ్చింది. విండోస్ 10కు మద్దతు ఆ ఏడు అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసరు ఉండాలని నియమం. నాది నాలుగో తరం. ఒక్క మర వదులు కాలేదు, ఒక్క మీట అరగలేదు, అయినా కాలం చెల్లినదన్న ముద్ర. అరవై దాటినవాణ్ణి కనుక ఆ ముద్ర బరువు నాకు తెలుసు. మా శిష్యుడు ఉన్న రెండు బిళ్లలు తీసి, ఒక్కొక్కటి 8 జీబీ చొప్పున రెండు పెట్టి, లినక్స్ మింట్ ఎక్కించాడు. నిర్వాహక వ్యవస్థే మారింది కనుక ఇదీ ఆదేశమే. రెండు రోజులు దారి తప్పినవాడిలా తిరిగాను. మూడో నాటికి ఇన్‌స్క్రిప్ట్ మీటలు చేతికి అందాయి. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. యంత్రం మారినా, వ్యవస్థ మారినా వేళ్లు వాటి దారిన పోయాయి.

ఇక అసలు మాట చెబుతాను. మనలో తొలినాళ్లనుండి జాలంలో తెలుగు వ్రాస్తున్నవారెవరూ ‘డబ్బాలు’ మరచిపోరు. అక్షరానికి సంకేతం ఉన్నా, దాన్ని గీసి చూపే ఖతి యంత్రంలో లేకపోతే వరుసగా ఖాళీ డబ్బాలు. ఔను, తెలుగు ఒకనాడు అలా కనిపించింది. దంత్య ౘ, ౙ లకు యూనికోడులో చోటు దొరికింది 2008లో. ౙొన్న, ౘలి అని పలికే మాటలను పలికినట్టే వ్రాయదలచిన నా వంటివారికి అది పండుగ. నకారపొల్లుకు 2021దాకా ఆగవలసి వచ్చింది.

ఆదిలాబాదులో నా దగ్గర చదువుకున్న గోండు విద్యార్థి ఒకడు ఇప్పుడు తానే ఉపాధ్యాయుడు. పదకోశంలో గోండీ నుండి వచ్చిన మాటలు సరిచూడమని అతనికి పంపాను. దిద్దిన ప్రతి తిరిగివచ్చింది. నేను తెలుగు లిపిలో వ్రాసిన ప్రతి గోండీ మాట పక్కన నాలుగైదు డబ్బాలున్నాయి. ఫోను చేస్తే, “అవి మా గుంజాల అక్షరాలు సార్. తెలుగు పక్కపొంటి ఇవి గూడ పెట్టరాదుండ్రి” అన్నాడు. నార్నూరు మండలం గుంజాల గ్రామంలో దొరికిన చేతివ్రాత ప్రతుల వల్ల లోకానికి తెలిసిన లిపి అది. 2018లో యూనికోడులో చేరింది. కొత్త వ్యవస్థ ఎక్కించిన వారంలో నోటో ఖతుల మూట చేర్చి ఆ దస్త్రం తెరిచాను. డబ్బాలు లేవు. వాటి స్థానంలో గుండ్రని, తీగలవంటి అక్షరాలు. నేను చదవలేను, ఇప్పుడిప్పుడే గుణింతం దిద్దుతున్నాను. 2013 నాటి పెట్టెలో, 2018లో సంకేతం పొందిన అక్షరం. ఇప్పుడు నా పదకోశంలో గోండీ మాటలకు రెండు వరుసలున్నాయి.

డిస్కు మారింది, తెర మారింది, బిళ్లలు మారాయి, వ్యవస్థ మారింది. మరి ఇది ఆ పాత యంత్రమేనా అని మా అబ్బాయి హాస్యమాడతాడు. పాణిని స్థానివద్భావం చెప్పాడు: వచ్చిన ఆదేశం, తాను ఎవరి స్థానంలో వచ్చిందో వారి ధర్మాలను స్వీకరిస్తుంది. ఆ లెక్కన ఇది అదే.

మీలో ఎవరైనా కొత్తది కొనబోతుంటే వెలకంటె ముందు మూడు సంగతులు అడగండి. జ్ఞాపకశక్తి బిళ్ల అతికినదా, గూటిలోదా? డిస్కూ బ్యాటరీ మరలు విప్పితే వస్తాయా? మరమ్మతు గ్రంథం బహిరంగంగా దొరుకుతుందా? అటకమీద పాతది ఏదైనా ఉంటే పారవేయకముందు ఒకసారి అడుగు మూత తెరచి చూడండి.

నా పదకోశం ప్రస్తుతం ‘మ’ దగ్గర ఉంది. ‘హ’ చేరేలోపు ఇంకా ఎన్ని ఆదేశాలు జరగవలసి ఉన్నాయో, దానికీ నాకూ.