విజిల్ బోర్డు ఎక్కడ పాతాలి?

బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్ళు మన ఐటీ జనాల్లో చాలామందే ఉన్నారని నా అనుమానం. అందుకే ఈ టపా.

ఇంజనుకి తుప్పురంగు, పెట్టెలకి దుమ్ము అందరూ పూస్తారు. కానీ నన్నడిగితే మోడల్‌కి ప్రాణం పట్టాల పక్కనుండే బోర్డుల్లోనే ఉంది. "అంత చిన్న బోర్డు ఎవడు చూస్తాడ్రా?" అంటాడు మా రూమ్మేటు. చూడకపోవచ్చు. కానీ ప్రతి బోర్డు వెనకా ఓ లాజిక్ ఉంది. అది తెలీకుండా పాతితే, అర్థం కాని కోడ్‌ని కాపీ కొట్టినట్టే.

ఉదాహరణకి టీ/పీ, టీ/జీ బోర్డులు. వేగ పరిమితి దాటాక పాసింజరు బండికి మొదటిది, గూడ్సుకి రెండోది. రెండెందుకు? బండి తోక కూడా ఆ ముక్క దాటాకే డ్రైవరు వేగం పెంచాలి, గూడ్సు తోకేమో పొడుగు. కాబట్టి నా గూడ్సుకి ఎనిమిది వ్యాగన్లుంటే, పరిమితి అయిపోయిన చోటునుంచి నా టీ/జీ కూడా అంతే దూరంలో ఉండాలి. సింపుల్!

అసలు చిక్కు పసుప్పచ్చ విజిల్ బోర్డుతో. 'డబ్ల్యూ/ఎల్', హిందీలో 'సీ/ఫా'. అంటే సీటీ, ఫాటక్. గేటుకి 600 మీటర్ల ముందు ఉంటుంది. హెచ్‌ఓ స్కేలు 1:87 కాబట్టి దాదాపు ఏడు మీటర్లు. మా గది పన్నెండడుగులు. అంటే బోర్డు పక్కింటి వాళ్ళ హాల్లో పాతాలి!

పోనీ తీసేద్దామా? నేను కడుతున్నది 2010 నాటి లైను, కాపలా లేని గేటు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో అలాంటి గేటు దగ్గరే స్కూలు బస్సుని రైలు గుద్దింది. ఎంతమంది పసిపిల్లలు పోయారో గుర్తుందిగా. బ్రాడ్‌గేజ్ మీద అలాంటి గేట్లన్నీ ఎత్తేసేసరికి 2019 జనవరి అయింది. ఆ గేటుని అందం కోసం పెట్టి, కూత పెట్టమనే బోర్డుని మాత్రం జాగా లేదని తీసెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి ఇలా చేశా. గంటకి 90 కిలోమీటర్ల వేగంలో 600 మీటర్లంటే 24 సెకన్లు. బోర్డుని రెండు మీటర్ల దగ్గరికి జరిపి, బండిని సెకనుకి ఎనిమిది సెంటీమీటర్లకి తగ్గించా. దూరం తగ్గింది గానీ, కూతకీ గేటుకీ మధ్య ఆ 24 సెకన్లు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి.

రూమ్మేటుకి ఇప్పుడూ బోర్డు కనబడదు. బండి నత్తలా పోతోందని మాత్రం గోల. మీరైతే ఏం చేసేవారు?