పాతయింటి దూలములు

మేము కట్టుకొనుచున్న యింటి పైకప్పునకు దూలములు కంటికి కనబడునట్లే యుంచవలెనని నిశ్చయించుకొంటిమి. అవి క్రొత్తవి కావు. 1981వ సంవత్సరమున శ్రీశైల జలాశయములో, అప్పటి మహబూబ్‌నగరు జిల్లా కొల్లాపురము వైపు కృష్ణాతీర గ్రామములు పెక్కు మునిగినప్పుడు, మా తాతగారు తమ మిద్దెను విప్పించి బండ్లపై తెచ్చిన నాలుగు టేకు దూలములు. ఇన్నాళ్లును పశువుల కొట్టమును మోసినవి.

మొదటి పని మేకులు తీయుట. ఒక్క యినుపముక్క లోపల మిగిలినను రంపపు పండ్లు విఱుగును. పిమ్మట వడ్రంగి సుత్తితో కొట్టి చూచెను. గట్టి కఱ్ఱ ఖణీలుమనును, చెదలు తిన్నది డొల్లగా పలుకును. నడుమ భాగము నిక్షేపముగా నున్నది. గోడలో నాటియుండిన కొనలు మాత్రము తేమకు చివికి, ఉలి మోపగానే పొడిరాలినవి. వానిని కోసివేయగా దూలము మూరెడు తగ్గెను. కఱ్ఱను సాగదీయు విద్య లేదు గనుక గదినే మూరెడు కుదించితిమి. మేస్త్రి నవ్వెను, నవ్వనిండు!

అసలు తగవు చిత్రికకడ వచ్చినది. చిత్రిక పట్టిన క్రొత్త కలపవలె మెఱయునని వడ్రంగి వాదము. కాని యా దూలములపై బాడిస దెబ్బలు వరుసగా నున్నవి. చెక్కినవాని చేతివాటము అందు తెలియును. ఒకదాని నడుమ త్రాడు ఒరసిన గాడి కలదు. మా నాయనమ్మ దానిని తడవిచూచి, “దీనికే మీ నాయన ఉయ్యాల గట్టిన బిడ్డా, గీకకుండ్రి” అనెను. వడ్రంగి చిత్రికను సంచిలో పెట్టివేసెను.

గరుకు కాగితముతో పైపైన రుద్ది, అవిసెనూనె రెండుమార్లు పట్టించితిమి. ఆ నూనెగుడ్డలను ముద్దగా పడవేయరాదు, తమంత వేడెక్కి అంటుకొనును. ఆరుబయట విడివిడిగా పఱచితిమి. గాడిలోని నలుపు నూనెకు మఱింత నల్లనైనది.