హీటర్ వైరు



మన సంఘం జీపు పోయిన డిసెంబరులో నాలుగు రోజులు కదలకుండా పడి ఉన్న సంగతి మీకు తెలుసు. బ్యాటరీ పోయిందని నేనే చెప్పాను. మీరు నమ్మి, కానుక పోగుచేసి కొత్తది కొనిచ్చారు. అసలు సంగతి ఆదివారం సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మన జీపులో ఉన్నది పాత ప్యూజో ఇంజను. మహీంద్రా వాళ్ళు 1979లో ఫ్రాన్సు ప్యూజో దగ్గర లైసెన్సు తీసుకుని ఇక్కడ తయారుచేసిన డీజిల్ ఇంజను, 2112 సీసీ. గట్టి ఇంజను. డీజిల్ బండికి పెట్రోలు బండిలాగా నిప్పురవ్వ ఉండదు. గాలిని ఇరవై రెట్లకు పైగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఈ రకంలో డీజిల్ నేరుగా సిలిండర్లో పడదు, పైనున్న చిన్న గదిలో పడుతుంది. ఇంజను చల్లగా ఉంటే ఆ గది గోడలే వేడినంతా పీల్చేసుకుంటాయి. అందుకని ఒక్కో గదికి ఒక్కో హీటర్ ప్లగ్గు, మొత్తం నాలుగు. తాళం తిప్పి కాసేపు ఆగితే వాటి మొనలు ఎర్రగా కాలుతాయి. అప్పుడు స్టార్టు కొట్టాలి.

సూళ్లూరుపేటలో హీటరుతో పనేముంది అంటారా? మే నెలలో నిజంగానే పెద్ద పని లేదు. ఆ ఎండకు ఇంజను తాకితేనే చెయ్యి చురుక్కుమంటుంది. నా తప్పు అన్ని నెలలు దాక్కున్నది కూడా ఆ ఎండలోనే.

మే నెలలో హీటర్లకు పోయే వైరు పెళుసెక్కి తెగిపోయింది. పులికాట్ గాలికి మన దగ్గర ఏ వైరూ ఏ నట్టూ ఎక్కువకాలం నిలవదు కదా. మందిరంలో ఫ్యాన్లు బిగించినప్పుడు మిగిలిన 1.5 ఎంఎం వైరు ముక్క ఒకటి ఉంటే, రెండు కొసలా మెలిపెట్టి టేపు చుట్టేశాను. జీపు తోలే తమ్ముడు టార్చి పట్టుకున్నాడు. "అయ్యగారూ, ఈ వైరు సన్నంగా లేదూ?" అన్నాడు. "కరెంటు పోతే చాలు కదరా, రేపు మార్పిద్దాంలే" అన్నాను. ఏడు నెలలు గడిచాయి. రోజూ తాళం తిప్పగానే బండి లేచేది.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున, నాలుగు గంటలప్పుడు, చెరువు వైపు ఊరి నుంచి ఒక అబ్బాయి బైకు మీద వచ్చాడు. నాయనమ్మకు ఊపిరి ఆడటం లేదు, పడుకోబెట్టి తీసుకుపోవాలి, జీపు కావాలి అన్నాడు. 108కి కూడా ఫోను చేశారు. తమ్ముడు స్టార్టు కొట్టాడు. ఇంజను తిరుగుతోంది, సైలెన్సరు నుంచి తెల్లటి పొగ వస్తోంది, అంటుకోవడం లేదు. కొట్టగా కొట్టగా బ్యాటరీ కూడా దిగిపోయింది. ఆ అబ్బాయి ముందు, లేచి వచ్చిన ఇరుగుపొరుగు ముందు నేను తమ్ముణ్ణి అరిచాను. రాత్రి లైటు ఆర్పకుండా పోయుంటావు, నీకు బాధ్యత లేదు అన్నాను. వాడు మాట్లాడలేదు. అబ్బాయి కాసేపు చూసి వెళ్ళిపోయాడు. నేను బండి దగ్గరే ఉండిపోయాను. అమ్మను 108 వాళ్ళే తీసుకుపోయారు. దేవుని దయవల్ల నాలుగు రోజులకు ఇంటికి వచ్చింది.

కొత్త బ్యాటరీ వచ్చాక ఇంజను ఇంకా జోరుగా తిరిగింది. పొగ మాత్రం అదే తెల్ల పొగ. హీటర్లకు కరెంటు వస్తోందా అని బల్బు పెట్టి చూశాం. భేషుగ్గా వెలిగింది. ఆ బల్బు మమ్మల్ని ఇంకో రోజు మోసం చేసింది.

చివరికి పాత మేస్త్రి ఒకాయనను పిలిచాం. ఆయన ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కోటి బ్యాటరీకి నేరుగా తగిలించి చూశాడు. అన్నీ ఎర్రగా కాలాయి. తిరిగి బిగించి, హీటర్లు వేసి ఉంచమని, అవి లాగుతుండగానే మీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర 12.1 వోల్టులు. ప్లగ్గుల దగ్గర 8.5. "మూడున్నర వోల్టులు దారిలో ఎవరో తింటా ఉండారు సామీ" అన్నాడు. బల్బుకు కావలసింది చిటికెడు కరెంటు, అందుకని దానికి ఏ వైరైనా చాలు. ఈ నాలుగు ప్లగ్గులూ కలిసి నలభై ఆంపియర్ల దాకా లాగుతాయి. ఇంట్లో ఫ్యాను అర ఆంపియరు కూడా లాగదు. వోల్టేజీ అంత పడితే ప్లగ్గు వేడి సగానికి సగం పోతుందట. మీటరును బరువు లేనప్పుడు పెడితే అబద్ధం చెబుతుందని ఆయనే చెప్పాడు.

ఆయన వైరు పట్టుకుని తడుముకుంటూ పోయాడు. ఒకచోట చెయ్యి చప్పున తీసేశాడు. కాలుతోంది. టేపు విప్పితే నా మెలిక, పచ్చగా చిలుము పట్టి ఉంది.

"ఎవరయ్యా ఇంటి వైరు తెచ్చి బండికి వేసింది?"

తమ్ముడు వంగి స్పానర్లు సర్దుకుంటున్నాడు. తల ఎత్తలేదు. వాడికి మొదటి రోజు నుంచీ తెలుసు. నాతాను ప్రవక్త దావీదు ముందు నిలబడిన సంగతి మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. ఎదుటివాడి మీద తీర్పు చెప్పి, ఆ తీర్పు తన మీదే పడిన రాజు. ప్రతిసారీ నాతాను పక్కన నిలబడే చెప్పాను. ఆ రోజు కూడా, నిజం చెప్పాలంటే, మేస్త్రి రెండోసారి అడిగేదాకా నా నోరు రాలేదు.

"నేనే" అన్నాను.

లావు వైరు తెచ్చి, కొసలకు లగ్గులు నొక్కించి, ఉప్పుగాలి తగలకుండా గ్రీజు పూసి బిగించాడు. ప్లగ్గుల దగ్గర 11.6 చూపింది. మర్నాడు నాలుగున్నరకు తమ్ముడు తాళం తిప్పి, ఆగి, ఒక్క స్టార్టుకే లేపాడు. ముందే ఎందుకు చెప్పలేదురా అని అడిగాను. "అప్పుడే చెప్పా కదయ్యగారూ" అన్నాడు, అంతే.

పాత బ్యాటరీని చార్జి పెట్టిస్తే బాగానే ఉంది. గృహ ప్రార్థనల్లో మైకు సెట్టుకు దాన్నే వాడుతున్నాం. మీ కానుక నా తొందరపాటు వల్ల ఖర్చయింది, క్షమించండి.

ఆ వారమే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆ అమ్మ ఇంటికి వెళ్ళాను. ఆ అబ్బాయి ఉన్నాడు, ఇరుగుపొరుగు ఉన్నారు. తప్పు నాదని, తమ్ముడిది కాదని అందరి ముందూ చెప్పాను. వైరు సంగతి, వోల్టుల సంగతి అంతా చెప్పాను. ఆమె మంచం మీద కూర్చుని ఓపిగ్గా విన్నది.

"బండి సంగతి నాకెందుకు నాయనా" అన్నది. "పిల్లోడి బైకు ఎనక ఎక్కి నువ్వొస్తావని చూస్తా ఉండా."