బి.కాం. తర్వాత లా చదవనా మామా?

మా చెల్లెలి కూతురు బి.కాం. చివరి పరీక్ష రాసిన మరునాడే మా యింటికొచ్చి కూర్చుంది. కాఫీ తాగడం పూర్తికాకముందే అడిగింది. "మామా, లా చేరదామనుకుంటాండా. చదివితే ఏమొస్తుంది?"

బళ్ళారిలో మా బంధువర్గం మొత్తానికి లా పట్టా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఈ ప్రశ్న నా దగ్గరికే వస్తుంది. అదీ బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, ముప్పై ఏడో ఏట చేరి చదివినవాణ్ణి. 2008లో వచ్చిన నిబంధనల్లో మూడేళ్ళ కోర్సుకు ముప్పై ఏళ్ళ వయోపరిమితి పెట్టారు. అది కోర్టులచుట్టూ తిరిగి, 2017లో సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. నేను చేరింది 2005లో కాబట్టి నాకా గొడవ లేకపోయింది.

తెలిసినంతవరకు చెప్పాను. డిగ్రీ మీద మూడేళ్ళ చదువు. ఆపైన బార్ కౌన్సిల్లో పేరు నమోదు. అందుకు ఒకప్పుడు వేలకు వేలు వసూలు చేసేవారు. చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అఖిల భారత బార్ పరీక్ష కూడా గట్టెక్కాలి. అది 2009-10 విద్యా సంవత్సరం నుంచి పట్టా పుచ్చుకున్నవారికే గనుక నేను తప్పించుకున్నాను. తర్వాత ఒక సీనియరు దగ్గర చేరి ఫైళ్ళు మోయాలి, వాయిదాలు అడగాలి, ఆయన చేతిలో పెట్టింది పుచ్చుకోవాలి. ఇంట్లో తిండికి లోటు లేనివాళ్ళే ఆ మొదటి మూడేళ్ళు నిలబడగలరు. చదువు ముగిసీ ముగియగానే జడ్జి పరీక్ష రాద్దామంటే, మూడేళ్ళ ప్రాక్టీసు ఉండి తీరాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్ళీ నియమం పెట్టింది. బ్యాంకుల్లో లా ఆఫీసరు ఉద్యోగాలున్నాయి, వాటికీ సనదు కావాలి. బి.కాం. చదివినవాళ్ళకు ఒక లాభముంది. ఆదాయపన్ను, జి.ఎస్.టి., దివాలా కేసుల్లో బ్యాలెన్స్‌షీటు చదవగల వకీలుకు గిరాకీ ఉంటుంది. పైగా 2024 జూలై నుంచి కొత్త నేరచట్టాలు వచ్చాయి. మనం నోరారా తిట్టుకునే 420 ఇప్పుడు 318 అయింది. పాత సీనియర్లు కూడా కొత్తగా వల్లెవేస్తున్నారు కాబట్టి, చేరేవాళ్ళకు ఇదే మంచి సమయమని కూడా అన్నాను.

అంతా విని, "సరే మామా, మరి నీకేమొచ్చె?" అంది.

"ఇంక్రిమెంటు కూడా రాలేదు" అన్నాను. నవ్వి వెళ్ళిపోయింది. ఆమెకు చెప్పనిది మీకు చెబుతాను.

2003లో నేను ఒక శాఖలో అప్పుల విభాగం చూసేవాణ్ణి. జీన్స్ కుట్టే చిన్న కార్ఖానా పెట్టుకున్న ఒకాయన ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. వకీలు ఇచ్చిన రిపోర్టు 1962 నాటి క్రయపత్రంతో మొదలైంది. దాని వెనక 1941 నాటి తెలుగు దస్తావేజు ఒకటి కట్టలో ఉంది. 1953 దాకా మా జిల్లా మద్రాసు రాష్ట్రంలోది కనుక ఇలాంటివి ఇప్పటికీ బీరువాల్లోంచి బయటపడుతుంటాయి. తెలుగు చదవడం వచ్చినవాణ్ణి కనుక రెండు వరుసలు చదివి, చేతిరాత ఎంత ముద్దుగా ఉందో అనుకుని, మళ్ళీ కట్టలో పెట్టేశాను.

ఏడాది తిరగకముందే కార్ఖానా దెబ్బతింది, కంతులు ఆగాయి. బ్యాంకు నోటీసు పంపగానే ఎవరో ముగ్గురు అన్నదమ్ములు కోర్టుకెక్కారు. 1941లో తమ తాత, చనిపోయిన తమ్ముడి భార్యకు ఆ ఇంటిని బతికున్నంతకాలం అనుభవించడానికే ఇచ్చాడనీ, దాన విక్రయాది హక్కులు లేవని రాశాడనీ, 1962లో ఆమె అమ్మడం చెల్లదనీ వారి వాదన. ఆమె 1994లో పోయింది. దావా 2004లో వేశారు కాబట్టి పన్నెండేళ్ళ గడువు దాటలేదు.

బ్యాంకులో తెలుగొచ్చిన ఆఫీసరును నేనే కనుక దస్తావేజును ఇంగ్లీషులోకి మార్చే పని నాకే పడింది. "నీ మనోవర్తికిగాను యావజ్జీవము అనుభవించవలసినది" అని ఉందక్కడ. మనసుకు సంబంధించిన మాటే కదా అని "ప్రీతితో" అనే అర్థం వచ్చేలా రాశాను. మా తరపు వకీలు కన్నడంవారు. ఒకరోజు నన్ను పిలిచి, "ఇది మెయింటెనెన్సుకు ఇచ్చినట్టు ఎక్కడైనా ఉందా? ఉంటే మన కేసు వేరు" అన్నారు. మళ్ళీ మొత్తం చదివి, "లేదండీ" అన్నాను. నేను చెప్పింది ఆ రెండు ముక్కలే.

2005లో రాజీ కుదిరింది. ఇల్లు అమ్మగా వచ్చినదాంట్లో సగం ఆ అన్నదమ్ములకు, సగం బ్యాంకుకు. అప్పు తీసుకున్నాయన పెళ్ళాం బిడ్డలతో అద్దె ఇంటికి మారాడు. నాకు మెమో ఇచ్చి, ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఆ ఉక్రోషంతోనే లా కాలేజీలో చేరాను. పొద్దున క్లాసులు, ఆ తర్వాత బ్యాంకు. నా పక్కన కూర్చునేవాళ్ళు నాలో సగం వయసువాళ్ళు.

2006లో హిందూ వారసత్వ చట్టం పాఠం వచ్చింది. సెక్షన్ 14. స్త్రీకి పరిమితమైన హక్కుతో ఇచ్చిన ఆస్తి కూడా 1956 తర్వాత ఆమె సొంతమవుతుంది. ఇచ్చిన పత్రంలోనే హక్కులు కుదించి ఉంటే ఆ కుదింపు నిలుస్తుంది. ఈ రెంటికీ నడుమ గీత గీసింది 1977 నాటి తులశమ్మ కేసు. ఆమె మన తెలుగింటి వితంతువే. మరిది ఆమె పోషణకింద జీవితకాలానికని ఆస్తి ఇచ్చాడు. పోషణ ఆమెకు అంతకుముందే ఉన్న హక్కు, కాబట్టి పత్రంలో కుదించి రాసినా ఆస్తి పూర్తిగా ఆమెదేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మా లెక్చరరు పోషణను కన్నడంలో 'జీవనాంశ' అని చెప్పారు. మా వకీలు అడిగింది ఇదన్నమాట అనుకున్నాను. మన పత్రంలో ఆ మాట లేదుగదా అని ఊపిరి పీల్చుకున్నాను కూడా.

ఆ చలికాలం గుంతకల్లులో బంధువుల పెళ్ళికి వెళ్ళాను. పంక్తిలో నా పక్కన ఇద్దరు ఎవరి కూతురి గురించో మాట్లాడుకుంటున్నారు. "మొగుడు వదిలేశ. నెలకు రెండువేలు మనోవర్తి ఇయ్యమని కోర్టు చెప్ప్య."

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "మనోవర్తి అంటే ఏమిటండీ?" అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, "తిండీ బట్టకు ఇచ్చేదయ్యా, బళ్ళారిలో ఏమంటారు?" అన్నాడు.

మరునాడే పై అధికారికి చెప్పాను. రాజీ డిక్రీ అయిపోయింది, ఫైలు మూసేశాం, పోనీలే అన్నారు. ఆయన తప్పేమీ లేదు. జీన్స్ కార్ఖానా ఆయనకు మాత్రం ఆరేళ్ళు చెప్పలేకపోయాను. 2012లో కూతురి చదువు అప్పు కోసం మా శాఖకే వచ్చినప్పుడు, కాగితాలు పక్కకు నెట్టి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అప్పుడు మీకు తెలియదు గదా సార్" అన్నాడు. తెలుగు వచ్చునని సంతకం పెట్టినవాణ్ణి, తెలియదనుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఆ అమ్మాయి అప్పు మంజూరైంది. అర్హత ఉంది కాబట్టే అయింది.

ఇంకో మూడేళ్ళలో రిటైరవుతాను. జీతం తీసుకునేవాడు వకాల్తా పట్టకూడదు కనుక ఇన్నాళ్ళూ పట్టా గోడకే ఉంది. నలభై అయిదు దాటినవారిని వకీళ్ళుగా నమోదు చేసుకోరాదన్న నియమాన్ని సుప్రీంకోర్టు 1995లోనే కొట్టేసింది కాబట్టి, అరవై నిండాక నల్లకోటు కుట్టించుకుంటాను. నేనుగా పెద్ద కేసులు వాదించను. పాత తెలుగు కాగితాలున్నవాళ్ళు వస్తే చాలు. ఇప్పటికే మా ఊళ్ళో ఇద్దరు ముగ్గురు యువ వకీళ్ళు ఆదివారాలు జెరాక్సులు పట్టుకుని వస్తున్నారు. ముద్దతు క్రయం, భోగ్యం, చెక్కుబందీ అంటే ఏమిటో రాసుకుపోతున్నారు.

పోయిన ఆదివారం మా మేనకోడలు మళ్ళీ వచ్చింది. కాలేజీలో దరఖాస్తు పెట్టిందట. ఆమె చదువంతా కన్నడంలో, ఇంగ్లీషులో సాగింది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. బీరువాలోంచి 1941 దస్తావేజు నకలు తీసి ముందు పెట్టాను. రెండు లిపులూ దగ్గరివే కాబట్టి తలకట్టులు పోల్చుకుంటూ, వేలుపెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది.

"మ... నో... వర్తి. అంటే ఏంది మామా?"

కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టాను.