పుస్తకంలో లేని బిడ్డ

మొన్న వేసవి సెలవుల్లో మా అమ్మాయి తన కూతుర్ని తీసుకుని అమెరికా నుంచి బళ్ళారి వచ్చింది. మా మనవరాలికి ఎనిమిదేళ్ళు. దాని సంచిలో బట్టలకన్నా పుస్తకాలే ఎక్కువ. వాటిలో తొమ్మిది పుస్తకాల కట్ట ఒకటుంది. లారా ఇంగల్స్ వైల్డర్ అనే ఆవిడ తన బాల్యం గురించి రాసిన కథలు. ‘లిటిల్ హౌస్’ పుస్తకాలంటే అక్కడ తెలియని ఇల్లుండదట. మన పిల్లలకు ఒకప్పుడు చందమామ ఎలాగో, అక్కడి పిల్లలకు అవి అలాగన్నమాట.

నేను సాహిత్యం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ఇన్నాళ్ళూ జమాఖర్చులతో కాలక్షేపం చేసినవాణ్ణి. ఒక పుస్తకానికి, దాన్ని చూసి తీసిన సీరియల్‌కు తేడా ఏమిటని నన్నెవరూ అడగరు. అయినా ఆ సెలవుల్లో మా ఇంట్లో జరిగిన సంగతి మన పత్రిక పాఠకులతో చెప్పుకోవాలనిపించింది. ముఖ్యంగా మాలాగే క్యాంపుల నుంచి వచ్చిన కుటుంబాల వారితో.

బళ్ళారి ఎండలు తెలిసినవే. పగలు బయటికి వెళ్ళే పని లేదు. పొద్దుటిపూట మనవరాలు ఆ పుస్తకాలు నాకు చదివి వినిపించేది. సాయంత్రం మా అమ్మాయి ఆ కథల మీద తీసిన పాత అమెరికన్ సీరియల్‌ను టి.వి.లో పెట్టేది. ఎనభై దాటిన మా అమ్మ వాలుకుర్చీలో కూర్చుని చూసేది. అమ్మకు ఇంగ్లీషు రాదు. మనవరాలికి తెలుగు అంతంతమాత్రం. అయినా వాళ్ళిద్దరికీ మధ్యవర్తి అక్కర్లేకపోయింది.

మొదటి రోజే గొడవ మొదలైంది. “తాతా, పా కి గడ్డం ఉండాలి! పుస్తకంలో ఉంది!” అని అది కేకలు పెట్టింది. నిజమే. పుస్తకంలో తండ్రి చార్లెస్‌కు పెద్ద గడ్డం. సీరియల్లో ఆ వేషం వేసిన మైకేల్ లాండన్ నున్నగా గీసుకున్న మొహంతో కనిపిస్తాడు. అక్కణ్ణించి మనవరాలు ఒక నోటుబుక్కు పెట్టి తప్పులు రాయడం మొదలెట్టింది. బ్యాంకులో మేము ఆడిట్ రిపోర్టు రాసినట్టే!

ఆ నోటుబుక్కు పుణ్యమా అని నేనూ కొంత తెలుసుకున్నాను. లారా 1867లో విస్కాన్సిన్ అడవుల్లో పుట్టింది. ఆమె మొదటి పుస్తకం 1932లో వచ్చింది. అప్పటికి ఆవిడకు అరవై అయిదేళ్ళు. కాన్సాస్ మైదానంలో కట్టుకున్న ఇంటి కథ 1935లో వచ్చింది. 1974 మార్చిలో ఆ ఒక్క పుస్తకాన్నే పెద్ద టి.వి. సినిమాగా తీశారు. అది చాలావరకు పుస్తకం వెంటే నడుస్తుంది. బండి ప్రయాణం, దుంగల ఇల్లు, క్రిస్మస్ నాడు పిల్లలకు బహుమానాలు మోసుకొచ్చే ఎడ్వర్డ్స్, చివరికి ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోవడం, అన్నీ ఉన్నాయి. ఆ సెప్టెంబరు నుంచి వారం వారం సీరియల్ మొదలైంది. 1983 దాకా రెండువందలకు పైగా భాగాలు వచ్చాయి.

తొమ్మిదేళ్ళు నడవాలంటే తొమ్మిది పుస్తకాలు చాలవు కదా! అసలు కుటుంబం మిన్నెసోటాలో మొదట ఏటి గట్టున తవ్విన మట్టి గుహలాంటి ఇంట్లో కాపురం పెట్టింది. సీరియల్లో ఆ గుహ లేదు. వాళ్ళు చివరికి డకోటాలోని డి స్మెట్‌లో స్థిరపడ్డారు. సీరియల్ మాత్రం వాల్నట్ గ్రోవ్ ఊరి చుట్టూనే తిరుగుతుంది. చూపు పోయిన అక్క మేరీకి సీరియల్లో పెళ్ళి చేశారు. అసలు మేరీ అంధుల కళాశాలలో చదువుకుంది గాని, పెళ్ళి చేసుకోలేదు. ఆల్బర్ట్ అనే పెంపుడు కొడుకు పుస్తకాల్లో లేనే లేడు. పుస్తకాల హక్కులు సంపాదించిన నిర్మాత ఎడ్ ఫ్రెండ్లీ ఉన్నది ఉన్నట్టు తీయాలన్నాడు. లాండన్ ఒప్పుకోలేదు. చివరికి ఫ్రెండ్లీ తప్పుకున్నాడు.

బ్యాంకు వాణ్ణి కాబట్టి నాకు నచ్చింది వేరే. పుస్తకంలో చార్లెస్ రాబోయే గోధుమ పంటను నమ్ముకుని అరువు మీద కలప తెచ్చి ఇల్లు కట్టాడు. పంట చేతికొచ్చే వేళకు మిడతల దండు వచ్చి గింజ మిగల్చకుండా తినేసింది. సీరియల్ మొదటి భాగంలో విత్తనాల కోసం ఎడ్లను తాకట్టు పెడతాడు. ఒళ్ళు దెబ్బతిని పని చేయలేకపోతే ఎడ్లు పోతాయి. రెండు కథలూ వేరు, అప్పు ఒకటే. ఇలాంటి కాగితాల మీద నేను ఎన్నిసార్లు సంతకం పెట్టానో!

అమ్మ మాత్రం తేడాలు పట్టించుకోలేదు. ఆవిడ చూస్తున్నది తన కథ.

మన పాఠకుల్లో చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. 1953లో తుంగభద్ర డ్యాం నీళ్ళు కాలువలకు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ తర్వాత కోస్తా జిల్లాల నుంచి తెలుగు రైతులు ఎకరం రెండెకరాలు అమ్ముకుని వచ్చి, ఇక్కడ సిరుగుప్ప వైపు, అవతలి గట్టున గంగావతి, సింధనూరు వైపు నల్లరేగడి భూములు కొన్నారు. పొలాల దగ్గరే పాకలు వేసుకుని ఉన్న చోట్లకు క్యాంపులని పేరు వచ్చింది. మా నాన్నగారు భీమవరం దగ్గర ఎకరంన్నర అమ్మి 1959లో సిరుగుప్ప తాలూకాలో పన్నెండెకరాలు కొన్నారు. అమ్మ 1961లో పెళ్ళయి పదిహేడేళ్ళకు కాపురానికి వచ్చింది.

“మేం రైల్లో వచ్చాంలే గాని, బళ్ళారిలో దిగాక మాదీ బండే” అనేది అమ్మ. “చుట్టూ తుమ్మచెట్లు, పాములు, తేళ్ళు. తడికల పాక. మీ నాన్నగారు పొలంలో ఉంటే, పొద్దుగూకాక దీపం పెట్టుకుని ఒక్కదాన్నీ కూర్చునేదాన్ని.” పుస్తకంలో తల్లి కెరోలిన్ ఒక పింగాణీ బొమ్మను ఎక్కడికి వెళ్ళినా భద్రంగా మోసుకెళుతుంది. “నీ బొమ్మ ఏది తాతమ్మా?” అని మనవరాలు అడిగింది. “ఆవకాయ జాడీ” అంది అమ్మ. అందరం నవ్వుకున్నాం. కాన్సాస్‌లో ఇంటిల్లిపాదికీ చలిజ్వరాలు వచ్చే ఘట్టం చదువుతుంటే మాత్రం అమ్మ నవ్వలేదు.

అలా ఒక సాయంత్రం ఒక భాగం వచ్చింది. ఆ ఇంట్లో మగపిల్లవాడు పుడతాడు. లారాకు తమ్ముడి మీద ఈర్ష్య. పసివాడికి జబ్బు చేస్తే వాడి కోసం ప్రార్థన చేయదు. వాడు చచ్చిపోతాడు. తన వల్లే పోయాడనుకుని ఆ పిల్ల ఇల్లు వదిలి కొండెక్కిపోతుంది.

మనవరాలు నోటుబుక్కు తీసింది. “ఇది పెద్ద తప్పు! లారాకు తమ్ముడే లేడు. ఏ పుస్తకంలోనూ లేడు.”

మా అమ్మాయి ఫోనులో వెతికి చదివింది. లారాకు తమ్ముడున్నాడు. పేరు చార్లెస్ ఫ్రెడరిక్. 1875 నవంబరు 1న పుట్టి, 1876 ఆగస్టు 27న తొమ్మిది నెలలకే పోయాడు. లారా తన జ్ఞాపకాలను మొదట పెద్దల కోసం ‘పయొనీర్ గర్ల్’ పేరుతో రాసుకుంది. అది 2014లోగాని అచ్చు కాలేదు. అందులో ఆ తమ్ముడున్నాడు. పిల్లల కోసం రాసిన పుస్తకాల్లో మాత్రం ఆ పసివాణ్ణీ, ఆ కష్టకాలాన్నీ ఆవిడ వదిలేసింది.

అంటే ఏమైంది? సీరియల్‌వాళ్ళు ఈర్ష్యను కల్పించారు, కొండను కల్పించారు. పుస్తకానికి ఎంతో దూరం జరిగారు. కాని పుస్తకం దాచిన బిడ్డను చూపించారు. పుస్తకానికి ద్రోహం చేసిన చోటే జీవితానికి దగ్గరగా వెళ్ళారు.

నేను ఈ మాట అంటుండగా అమ్మ, “టి.వి. ఆపు అబ్బాయ్” అంది. కాసేపాగి, “నీకూ ఒక అన్నయ్య ఉండేవాడురా” అంది.

నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఇంట్లో నేనే పెద్దవాణ్ణనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను.

1964 వానాకాలంలో పదకొండు నెలల పిల్లవాడికి జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయట. నాన్నగారు బండి కట్టారు. సిరుగుప్ప దారిలో వంక దగ్గర రేగడి బురదలో చక్రాలు దిగబడిపోయాయి. పక్క ఊరి గౌడరు తన ఎడ్లు తెచ్చి బండి లాగించాడు. బండి ఒడ్డెక్కింది గాని పిల్లవాడు దక్కలేదు. అప్పటికి క్యాంపుకు శ్మశానమంటూ లేదు. గౌడరే తన పొలం గట్టున వేపచెట్టు కింద చోటు చూపించాడు. “మీ నాన్నగారు ఆ మాట ఎత్తొద్దన్నారు. నేనూ ఎత్తలేదు. నువ్వు పుట్టాక ఎత్తితే నీకు అరిష్టమని భయమేసింది” అంది అమ్మ. ఆ తర్వాత ఏమీ అనలేదు. మనవరాలు వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంది.

నాన్నగారికి లెక్కలు రాసే అలవాటు. ఆయన పోయాక ఆ పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి. క్యాంపు చరిత్ర రాయమని ఎవరడిగినా వాటినే ఆధారం అంటుండేవాణ్ణి. ఆ రాత్రి 1964 లెక్కలు తీశాను. ఎడ్ల జత వెల, విత్తనాల ఖర్చు, దమ్ము కూలీలు, కిరసనాయిలు, అన్నీ ఉన్నాయి. ఆగస్టులో ఒకచోట “సిరుగుప్ప బండి” అని రాసి ఎదురుగా 3 రూపాయలు వేశారు. ఎందుకు వెళ్ళారో రాయలేదు. ఆ పద్దును నేను ఇంతకు ముందూ చూశాను. వివరం లేని ఖర్చును బ్యాంకులో ఒక్క రోజు ఒప్పుకోని నేను, దాన్ని చూసి పేజీ తిప్పేశాను.

మరుసటి వారం అమ్మను తీసుకుని ఆ ఊరు వెళ్ళాం. వేపచెట్టు లేదు. గట్టు దారిగా మారింది. “ఇక్కడే ఎక్కడో” అని అమ్మ కాసేపు నిలబడింది. గౌడరు మనవడికి ఆ సంగతేమీ తెలియదు. అయినా మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళి మజ్జిగ ఇచ్చాడు. అమ్మ గోదావరి యాసలో కన్నడం మాట్లాడుతుంటే అతను నవ్వుతూ విన్నాడు. మాటల్లో పంటల సంగతి వచ్చింది. వాళ్ళ పొలం కాలువ చివర ఉంది, నీళ్ళు సరిగా అందవు.

దానికి నా దగ్గర జవాబు లేదు. తుంగభద్ర కాలువలను ఎక్కువ నేలకు కొద్ది కొద్దిగా నీళ్ళు అందేలా, జొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటలు లెక్కలో పెట్టుకుని కట్టారు. కోస్తా నుంచి వచ్చిన మాకు తెలిసిన పంట వరి. కాలువ మొదట్లో ఉన్నవాళ్ళం మడులు కట్టాం. మా క్యాంపులు పచ్చబడ్డాయి, చివరి పొలాలు ఎదురుచూశాయి. బ్యాంకులో రెండు రకాల రైతుల అప్పు దరఖాస్తులూ నా బల్ల మీదికి వచ్చేవి. తేడా నాకు తెలుసు. మా కష్టం కథలా చెప్పుకున్నప్పుడు ఆ తేడాను ఎప్పుడూ చెప్పలేదు.

లారా కుటుంబం కాన్సాస్‌లో ఇల్లు కట్టుకున్న నేల ఒసేజ్ అనే తెగ ప్రజలది. చార్లెస్ దాన్ని కొనలేదు. అక్కడ ఇండియన్లు తప్ప మనుషులే లేరన్న అర్థం వచ్చే ఒక మాట పాత ముద్రణల్లో ఉండేదట. పాఠకులు తప్పుపట్టాక 1953 ముద్రణలో దిద్దారు. మేము డబ్బిచ్చి కొన్నాం, మా సంగతి అంత దూరం పోదు. కాని “అప్పుడు ఇక్కడ ఏమీ లేదు, అంతా అడవి” అని మనం చెప్పుకునే మాటలో గౌడరు లేడు, ఆయన ఎడ్లు లేవు. ఆ మాటా దిద్దుకోవలసిందే.

ఆ పుస్తకాలను మళ్ళీ కొత్తగా తీస్తామని నెట్‌ఫ్లిక్స్ 2025 జనవరిలో ప్రకటించింది. ఈసారైనా గడ్డం ఉంటుందా అన్నది మనవరాలి బెంగ. నాకు మాత్రం ఇప్పుడు వేరే లెక్క తోస్తోంది. కథను తెరకెక్కించినవాడు మార్చాడని అడుగుతాం, మంచిదే. కాని అంతకు ముందే కథ రాసిన మనిషి తన జీవితం నుంచి ఏం తీసుకుంది, ఏం వదిలింది అన్నది కూడా అడగాలి. లారా వదిలింది అబద్ధం చెప్పడానికి కాదు. పిల్లలు చదివే పుస్తకంలో ఆ దుఃఖాన్ని పెట్టలేకపోయి ఉంటుంది. మా నాన్నగారూ అంతే.

తిరుగు ప్రయాణం ముందు రోజు మనవరాలు తన నోటుబుక్కులో ‘తప్పులు’ అన్న పేజీ నుంచి ఆ తమ్ముడి మాటను కొట్టేసింది. నేను నాన్నగారి లెక్కల పుస్తకంలో, ఆ మూడు రూపాయల పద్దు పక్కన, అమ్మను అడిగి మా అన్నయ్య పేరు రాశాను. అరవై ఏళ్ళ తర్వాత ఆవిడ ఆ పేరును నోటితో పలకడం నేను విన్నాను.

మీ ఇళ్ళల్లోనూ పెద్దవాళ్ళుంటారు. మొదటి పాక, మొదటి పంట, మొదటి ట్రాక్టరు కథలు మీరు విని ఉంటారు. ఈసారి వాళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు, ఆ కథల్లో రానివాళ్ళెవరో ఒక్కమాటు అడగండి. చెప్పకపోతే బలవంతం చేయకండి. చెబితే మాత్రం రాసిపెట్టండి.