వికలమైన మనసు, ఒక పిల్లి

అమెరికాలో అద్దె యింట ఒంటరిగా ఉంటున్న మా అమ్మాయికి ఒక పిల్లి తోడు. అల్లుడు పోయిన తరువాత వచ్చి చేరింది. జంతువులు కూడదని ఇంటి యజమాని నోటీసు పంపగా, ఎవరికైనా ఇచ్చివేయమని చుట్టాలందరూ హితవు చెప్పారు. అది పక్కన లేనిదే ఆమెకు నిద్ర పట్టదని వారికి తెలియదు.

అక్కడి 1968 నాటి గృహవసతి చట్టంలో 1988లో వైకల్యమున్నవారికి రక్షణ చేర్చారు. మనసుకు ఊరటనిచ్చే జంతువు అవసరమైనవారి కోసం చాలా ఇళ్లలో యజమాని తన నిబంధన సడలించవలసి ఉంటుంది. చికిత్స చేసే వైద్యుని ఉత్తరం అందుకు ఆధారం. అంతర్జాలంలో డబ్బుకు అమ్మే ధ్రువపత్రాలకు చట్టబలం లేదు.

ఆ ఉత్తరం అడగడానికే అమ్మాయి నెల్లాళ్లు తటపటాయించింది. "నాన్నగారూ, నేను వికలాంగురాలినా?" అంది ఫోనులో. వైకల్యమంటే మనకు కాలో చెయ్యో గుర్తుకు వస్తుంది. వికలమంటే ఒక కళ, అనగా ఒక అంశ, లోపించినదని అర్థం. మనసు వికలమైందని మనవాళ్లు ఏనాటి నుండో అంటూనే ఉన్నారు కదమ్మా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు వైద్యురాలి వద్దకు వెళ్లింది. యజమాని ఒప్పుకున్నాడు.

విమానాల సంగతి వేరు. 2018లో ఒకావిడ నెవార్కు విమానాశ్రయానికి ఊరట కోసమని నెమలినే తెచ్చింది (ఎక్కనివ్వలేదు లెండి). ఇటువంటివి మితిమీరగా, 2021 జనవరి నుండి ఊరట జంతువులను సేవాశునకాలతో సమానంగా చూడనక్కరలేదని అక్కడి విమానసంస్థలకు వెసులుబాటిచ్చారు.

సంక్రాంతికి రమ్మన్నాను. పిల్లినెవరు చూస్తారని అడుగుతోంది.